లగేజీ టికెట్టు

మా జిల్లా బాస్కెట్‌బాల్ సంఘానికి కోశాధికారిని నేను.
కోశం అంటే రేకు డబ్బా.
అందులో సున్నం కొన్న రసీదులు, తుప్పు పట్టిన విజిల్,
కార్యదర్శి పొట్నూరు నూకరత్నం గారి బస్సు టికెట్లు,
రబ్బరు బ్యాండు వేసి నెలకో కట్ట.

మార్చి ఆఖర్న కూర్చుని అన్నీ విప్పాను.
చోడవరం. మాడుగుల. భీమిలి రెండుసార్లు.
నర్సీపట్నంలో ఆఖరి బస్సు తప్పిపోయి
బెంచీ మీద తెల్లారిన రాత్రికి బిల్లు లేదు.
దోమలకి రసీదు ఎవరిస్తారు?

ప్రతి టికెట్టుకీ పిన్ను కొట్టి ఇంకోటి: లగేజీ.
వల సంచీలో ఆరు బంతులు.
"గుమ్మడికాయలేటమ్మా?" అన్నాడట మొదటి కండక్టరు.
లోపలున్నది గాలే కదా అని
ఆవిడ ఒక్కనాడూ వాదించలేదు.

ఒకప్పుడు పోర్టు గ్రౌండులో ఎగిరి ఆడిన మనిషి.
ఇప్పుడు మెట్టెక్కితే మోకాలు కిర్రుమంటుంది,
ఉప్పుగాలి తిన్న మా రింగులాగే.
హుద్‌హుద్ తుఫాను పెరికేసిన బోర్డు
మూడు వీధుల అవతల టీ బడ్డీకి కప్పయింది.
వెళ్ళి అడుగుదామంటే
"వానలు పోనీండి" అంది.
ఎన్ని వానలు పోయాయో.

ఒకసారి నేనూ వెంట వెళ్ళాను.
ఊరు చెప్పను, ప్రిన్సిపాలు ఇంకా ఉద్యోగంలో ఉన్నాడు.
"మా ఆడపిల్లలకి టెన్నికాయిట్ ఉందండి, చాలు.
పైగా ఆ నిక్కర్లూ..." అని ఆగి
టీ తెప్పించాడు.
ఆవిడ టీ తాగింది. బిస్కెట్టు కూడా తింది.
లేచి వరండాలోకి వెళ్ళి
చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో పట్టుకుని
నాపరాళ్ళ మీద బంతి కొట్టడం మొదలెట్టింది, ఊరికే.
టప్.
టప్.
అకౌంటెన్సీ క్లాసు కిటికీలో ఒక జడ.
కాసేపటికి మూడు.
ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాను,
లెక్కలవాణ్ణయ్యుండీ.

పాడేరుకి మాత్రం పదకొండు టికెట్లు.
ఘాట్ మలుపుల్లో కడుపు తిప్పకుండా
నిమ్మకాయ వాసన చూసుకుంటూ పోయేది.
అక్కడ కోర్టు లేదు.
పనసచెట్టుకి, ఊచలు పీకేసిన సైకిలు చక్రం.
వంతల చిలకమ్మ అనే పిల్ల
వాలు నేల మీద ఆడీ ఆడీ
ఎడంకాలు కాస్త వంచి షాటు వేస్తుందట,
చదును నేల మీద కూడా.

ఫిబ్రవరిలో మా ఊళ్ళో టోర్నమెంటు.
తొమ్మిది కాలేజీలు ఒప్పుకున్నాయి, అయిదు వచ్చాయి.
పాడేరు నుంచి తొలి బస్సుకి దిగారు
నలుగురు.
మిగతా పిల్లల ఇళ్ళల్లో పసుపు ఉడకబెడుతున్నారు.

అయిదుగురు లేనిదే ఆట మొదలవదు.
పదిహేను నిమిషాలు ఆగాం.
పెన్ను పట్టుకుని ఆవిడ ముఖం చూశాను.
ఆవిడ గడియారం చూసింది.
"రాయండి" అంది.
ఇరవై, సున్నా.
పదకొండు ప్రయాణాల సున్నాని
గుండ్రంగా, దిద్దకుండా రాశాను.

అప్పుడు గాజువాక జట్టు కెప్టెను
బల్ల దగ్గరికొచ్చి, "సంతకాలైపోయాయా అంకుల్?
అయితే మాలో ఒకర్తి అటు ఆడొచ్చా?" అంది.

సాయంత్రం దాకా ఆడారు.
ఓడరేవు దుమ్ము వెనకాల ఎండ ఎర్రబడి
బంతీ సూర్యుడూ ఒక రంగయ్యేదాకా.
చిలకమ్మ నిజంగానే కాలు వంచింది.
స్కోరెంతని నన్నడగొద్దు.
కాయితం మీద లేనిది నేను చెప్పకూడదు.

రేపు ఆడిటరు వస్తాడు.
కట్ట అడుగున ఇంకో టికెట్టు దొరికింది,
టోర్నమెంటు అయిన మూడోనాటిది. పాడేరు.
పోయేటప్పుడు లగేజీ ఉంది.
వచ్చేటప్పుడు లేదు.

ఫోను చేసి అడిగాను.
"ఇచ్చేశానండీ" అంది, వెనకాల ఏదో బస్సు హారను.

సామాన్ల పట్టీలో ఆరు బంతులు తగ్గాయి.
కారణం అనే గడి దగ్గర చాలాసేపు ఆగాను.
పోయినవి కావు. పాడైనవి కావు.
వాడకంలో ఉన్నవి, అని రాశాను.