ఎడం కాలు

బండి రెండువందల డెబ్భై కిలోలు.
నేను యాభై ఎనిమిది, అదీ అన్నం తిన్నాక.
ఎత్తు అయిదడుగుల ఒకంగుళం.
మిల్లు గుర్తింపు కార్డు మీద గుమాస్తా జాలిపడి
ఇంకో అంగుళం రాశాడు.
ముప్పై నాలుగేళ్ళ తర్వాత
కోట గుమ్మం పక్కన చెప్పులు కుట్టే గుంప తవిటయ్య
నా బూటు అడుక్కి లారీ టైరు ముక్క వేసి
ఆ అబద్ధాన్ని నిజం చేశాడు.

అయినా రెండు కాళ్ళూ ఒకేసారి నేలకి ఆనవు.
సీటు మీంచి కాస్త ఎడమకి జరిగి
మునివేళ్ళు దింపుతాను.
కుడికాలు బ్రేకు మీద.
మూడు లాంతర్ల దగ్గర ఎర్రదీపం పడ్డప్పుడల్లా
నేనూ, బండీ, వెనక కట్టిన సామానూ
అయిదు వేళ్ళ మీద నిలబడతాం.

పక్క ఆటోలోంచి ఒక గుంటడు
"తాతా, నువ్వు బండిని తోల్తన్నావా
బండి నిన్ను తోల్తందా?"
పచ్చదీపం పడేదాకా ఆలోచించాను.

నెల్లిమర్ల మిల్లులో గోనె బేళ్ళు దొర్లించేవాణ్ణి.
మేస్త్రీ రొంగలి బంగారయ్య బీడీ తియ్యకుండానే చెప్పేవాడు:
"బరువుతోటి దెబ్బలాడకొరే, ఓడిపోతావ్.
దాని నడుం ఎక్కడుందో ఎతుక్కో."
బండికీ నడుం ఉంది.
నిటారుగా ఉన్నంతసేపూ పిల్లిపిల్ల.
బెత్తెడు ఒరిగిందా, ఇంక అది నీ మాట వినదు.
ఆ బెత్తెడు దగ్గరే
నా అరవై మూడేళ్ళూ కాపలా కూచుంటాయి.

నడపడం పదిరోజుల్లో వచ్చింది.
ఆగడం ఇంకా నేర్చుకుంటున్నాను.
పొడుగువాళ్ళు దారి చూస్తారు,
నేను వాలు చూస్తాను.
టీకొట్టు ముందు గులక, కాలవ గట్టున ఇసక,
పెట్రోలు బంకులో నూనె మరక.
ముక్కు పల్లానికి పెట్టి నిలిపితే
వెనక్కి లాగే దిక్కుండదని తెలిసింది
గజపతినగరంలో, పదిమంది చూస్తుండగా.

సాలూరు దాటాక, ఘాటీ మొదట్లో
కాలు దింపాను. నేల లేదు.
ఉంది. నాలుగంగుళాల కింద ఉంది.
పట్టుకోలేదు. పట్టుకుంటే మోకాలు పోతుంది.
మెల్లగా పడుకోబెట్టి పక్కకి తప్పుకున్నాను,
నిద్రపోయిన గేదె దగ్గర్నించి తప్పుకున్నట్టు.

కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు.
ఆగండి బాబూ, అన్నాను.
హ్యాండిలు తిప్పి, గేరు వేసి,
బేలుకి ఇచ్చినట్టే వీపు దానికిచ్చి
చిన్నచిన్న అడుగులు వెనక్కి.
లేచింది.
మడమతో స్టాండు తడిమి దించి
అప్పుడు కూచున్నాను, తొడలు వణుకుతుంటే.

టీకొట్టు సుక్రి గ్లాసు చేతికిచ్చి
"ఇంత పెద్దది ఎందుకు బాబూ, చిన్నది కొనుక్కోలేకపోనావా?"
అని అడిగింది.
చిన్నది ఉండేది. దాని మీద మిల్లుకే వెళ్ళాను, రోజూ,
ఏడు కిలోమీటర్లు, మళ్ళీ ఏడు.
మిల్లు లెక్క తేల్చి ఇచ్చిన డబ్బు చేతిలో ఉన్నప్పుడు
విశాఖలో ఒక నేవీ ఆయన బదిలీ మీద పోతూ
దీన్ని అమ్మకానికి పెట్టాడు.
అంతే, అన్నాను సుక్రితో.

అంతే కాదు.
నేనెత్తిన బరువులన్నీ లారీలెక్కి
నన్ను గేటు దగ్గరే వదిలేసి వెళ్ళిపోయాయి.
ఇదొక్కటే నన్నెక్కించుకుంది.

మలుపుల్లో లోయ వైపు చూడను.
చూసిన వైపే పోతుంది బండి.
సగం క్లచ్చి, కొంచెం వెనక బ్రేకు,
గడ్డం తిప్పి, మలుపు అవతల ఇంకా రాని రోడ్డుని చూస్తాను.
అది వస్తుంది.

పై మలుపు దగ్గర అందరూ ఆగి ఫొటోలు దిగుతున్నారు.
కింద మబ్బు, మబ్బులో వేగవతి ఎక్కడో.
అక్కడ వాలెక్కువ. నేనాగలేదు.
రెండు కిలోమీటర్లు పోయాక
ఒక కల్వర్టు, తారు డబ్బాలు, ఎవరిదో ఆరేసిన తుండుగుడ్డ.
చూడటానికి ఏమీ లేదు.
కానీ సమంగా ఉంది.

ఎడం కాలు దింపాను.
నేల దానంతటదే అందింది.