కొలత

రాత్రి తొమ్మిదిన్నర.
ఫలక్‌నుమా లోకల్ మలక్‌పేట దాటాక
వార్డు కిటికీలు కాసేపు అదిరి ఊరుకుంటాయి.
సెలైన్ చుక్కలు మళ్ళీ లెక్కకొస్తాయి.

ఏడో మంచం, జైతూన్ బీ.
లాడ్ బజార్ వెనక గల్లీలో నలభై ఏళ్ళు
నిప్పుల మీద లక్క సాగదీసిన మనిషి.
వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయట.
రేషన్ దుకాణం మిషన్
"నువ్వు నువ్వు కాదు" అంటుందని చెప్పి నవ్వుతుంది.
నవ్వితే ఎడమ డొక్కలో పట్టేస్తుంది,
అందుకని సగమే నవ్వుతుంది.

మందు ఇచ్చి గంటైంది.
మళ్ళీ ఇవ్వడానికి ఇంకా మూడు గంటలుంది.
మధ్యలో ఈ మూడు గంటల్ని ఏం చెయ్యాలో
నర్సింగ్ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

చెప్పింది మార్తమ్మ సిస్టర్,
రిటైరయ్యే ఏడాది, దుప్పట్లు మడతపెట్టే గదిలో.
నా ముంజేతి మీద రూపాయి బిళ్ళ పెట్టి
"ఇంత బరువు చాలు.
ఇంతకు మించి నొక్కావంటే
నీ తొందర పని చేస్తున్నట్టు" అంది.
ఆ బిళ్ళ తిరిగివ్వడం మర్చిపోయాను.

చేతులు రుద్ది వెచ్చబెట్టుకుంటాను.
శానిటైజర్ వాసన పోయేదాకా ఆగుతాను.
"అమ్మా, పాదాలు పట్టుకోనా?"
అడగాలి.
ఇన్ని సూదులు, ఇన్ని గొట్టాలు
అడక్కుండానే దిగిన ఒళ్ళు మరి.

"నై నై, పాదాలెందుకు బిడ్డా,
నాకు పాపం తగుల్తది" అంటూనే
దుప్పటి కింద నుంచి మెల్లగా ఇటు జరుపుతుంది.

మడమలు రెండూ అరచేతుల్లోకి తీసుకుంటాను.
పిసకడం లేదు, ఒత్తడం లేదు.
గుమ్మంలోంచి చూసేవాళ్ళకి
నేను కునుకు తీస్తున్నట్టే ఉంటుంది.
ఎడమ పాదం చల్లగా, కుడిది మామూలుగా.
ఊపిరి గొంతు దగ్గరే తచ్చాడుతోంది,
కొత్తింటి మెట్ల మీద పిల్లిలా
ఒక మెట్టు దిగుతుంది, మళ్ళీ పైకే.

పది నిమిషాలు.
ఏమీ జరగలేదు.
ఒక్కోసారి అంతే, ఏమీ జరగదు.
ఎనిమిదో మంచం వాళ్ళబ్బాయి ఫోన్‌లో
ఆటో బేరమాడుతున్నాడు.
నొప్పి తన చోట తను కూర్చునే ఉంది.
నా భుజాలు చెవులదాకా లేచి ఉన్నాయని
నాకు తెలియదు.

ఆమె కళ్ళు తెరిచింది.
"నీ చేతులు బిగుసుకున్నయ్ బిడ్డా, ఇటు తే."

నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి
బొటనవేలి మొదట్ని అరచేతిలోకి తోసి
పిడికిట్లో ఒక్కసారి తూచింది.
ముద్రల్లేని ఆ వేళ్ళు, పాలిష్ పెట్టినంత నున్నగా.
"వదిలెయ్. బిగబడ్తే గాజు ఎక్కది.
పెండ్లి పిల్లలు అందరు గిట్లనే చేస్తరు.
మీది ఏ ఊరు?"

"ఇల్లం..." అన్నానో లేదో
లేని గాజేదో
కణుపులు దాటి మణికట్టు మీదికి జారింది.

డ్యూటీలో గాజులుండవు మాకు.
పదకొండేళ్ళుగా బోసిగా ఉన్న చెయ్యి
అటూ ఇటూ తిప్పి చూసింది.
"రెండు ఆరు," అంది.
"దుకాణంలనైతే ముట్టకుంటనే చెప్తుంటి."
ఊర్ల గురించి అడగడం చేతివాటమట,
జవాబు వెతుక్కునేటప్పుడు ఎవరి చెయ్యైనా
మెత్తబడుతుందట.

అప్పుడు చూశాను.
పిల్లి మెట్లన్నీ దిగి
పొట్ట మీద ముడుచుకుని పడుకుంది.
నేను పట్టుకున్నప్పుడు కాదు.
తన చేతులకి ఒక పని దొరికినప్పుడు.

కేస్ షీట్‌లో దీనికి గడి లేదు.
నొప్పి పదికి ఏడు, రాత్రి తొమ్మిదిన్నర.
నొప్పి పదికి నాలుగు, పదిన్నర.
రిమార్కుల దగ్గర పెన్ను చాలాసేపు ఆగి
ఏదో రాసింది.

పొద్దున డ్యూటీకొచ్చిన నసీమ్ సిస్టర్
కళ్ళజోడు పైకి తోసుకుంటూ అడుగుతోంది,
ఏడో మంచానికి ఈ రెండు ఆరు
ఏం డోసు, ఎవరు రాశారు అని.