కొస

పిల్లలంతా బస్సెక్కిండ్రు.
భువనగిరి గుట్ట నున్నటి వీపు
ఇంకా సెగ కక్కుతనే ఉన్నది.
రేకుల షెడ్డుల మిగిలింది నేనూ, పద్నాలుగు తాళ్లూ,
ఒక మైనపు వత్తి.

తాడు ముందుగాల విచ్చుకునేది కొసకాడనే.
బండకు రాసుకొని, బూటు కింద నలిగి
పైతొడుగు వెనక్కి జారితే
లోపలి తెల్లపోగులు బయటపడ్తయి,
చినిగిన అంగీలకెల్లి భుజం బొక్క కనవడ్డట్టు.

టేపు చుట్టి, టేపు నడిమికి కోస్త.
మంట తగలనియ్య. సెగ తగిలితే చాలు.
నల్లగ మాడితే గాజుపెంకయితది,
రేపు ఎవరి అరచెయ్యో చీరుతది.
తేనెరంగు తిరిగేదాంక ఆగి
తడి చెంచా వీపుతోని గుండ్రంగ అదుముత.
ఎనకనే మైనం పట్టించిన దారం, పదిహేను చుట్లు,
చుట్టు పక్కన చుట్టు, ఒకదాని మీదొకటి ఎక్కకుండ.
ఆఖరి కొసను ఆ చుట్ల కిందికే గుంజి దాస్త.
కొసను కాసే దారానికి గూడ ఒక కొసుంటది గద.

మా చిన్నమామ మల్సూరు గౌడు
చెట్టెక్కే ముందు మోకు కొసను
మూడుసార్లు ముట్టి చూసేటోడు.
మోకుకు మొక్కుతున్నడనుకునేదాన్ని.
మొక్కు గాదు, తనిఖీ.
ఆయన ఏ తాటిచెట్టు మీదికెల్లీ పడలే.
అరవై రెండేండ్లకు దగ్గుతోని మంచంల పోయిండు.
కొసప్రాణం మూడు దినాలు ఆగింది.
తోలుకుట్టు చెక్కుచెదరని మోకు
ఇప్పటికీ దూలానికి యాలాడుతున్నది.

పోయిన మాఘంల ఒక తాడు చెడితే
నాలుగు మీటర్లు కోసేసిన.
టేపు మీద పాత లెక్కనే ఉండె: నలభై.
చౌటుప్పల్ పిల్ల నస్రీన్ పైకెల్లి దిగుతున్నది,
కింద సోమనర్సు తాడు వదులుతున్నడు,
వదులుతున్నడు,
టక్కుమన్నది.
కొస ముడి వచ్చి ఇనుప కొక్కెంకాడ ఇరుక్కున్నది.
మనిషెత్తున యాలాడుకుంట పిల్ల నవ్వింది,
ఇది గూడ పాఠమే అనుకున్నది.
సోమనర్సు నవ్వలే. నా దిక్కు చూసిండు.

ఆ ముడి నేనే ఏసిన, అలవాటు కొద్ది.
ఆ లెక్క నేనే మార్చలే,
అది గూడ అలవాటు కొద్దే.

అప్పటిసంది కోసిన ముక్కలు పారెయ్య.
బిస్కెట్ డబ్బాల ఉన్నయి, తారీఖులు రాసి.
అంగట్ల కూరగాయలకు కొసరు అడుగుతం గని
తాడుకు ఎవ్వరూ కొసరియ్యరు.
ఎంతున్నదో అంతే రాయాలె: ముప్ఫై ఆరు.

మొన్న రేషన్ దుకాణంల
మిషను నా వేలిముద్ర పట్టలే.
బొటనవేలు, చూపుడువేలు, మల్ల బొటనవేలు.
కాలి కాలి గీతలన్నీ సాపయినయి.
"ఇంకో వేలు పెట్టక్కా" అన్నడు డీలరు.
చిటికెన వేలు పెట్టిన.
అది ఎన్నడూ మంట దిక్కు పోలే,
దాన్ని పట్టింది.