ఇరవై

ములుగు రోడ్డు మీద, టైర్ల దుకాణం పక్కసందుల
జాకీలెక్కి కూసున్నది ఎర్రకారు.
రెండే సీట్లు. నాకంటే ఏడేండ్లు పెద్దది.
బ్రేకు మీద కాలు పడితే చాలు
కీసుమని ఒర్లుతదని
పరకాల పత్తిమిల్లు సేటు వదిలిపెట్టి పోయిండు.
హైదరాబాద్‌ల రెండుసార్లు ప్యాడ్లు మార్చిన్రట.
బిల్లులు చూపెట్టిండు. ఒర్లుడు పోలే.

యాకూబలి ఉస్తాద్ క్యాలిపర్ ఇప్పి
ప్యాడ్లు గుంజి
"సరూపా, ఇటు చూడు" అన్నడు.
పిస్టన్ మూతి గుండ్రమే గని సమానం కాదు.
ఒక పక్క గోరంత మెట్టు చెక్కి ఉన్నది.
ఎవరో లోపలికి తోసేటప్పుడు గిర్రున తిరిగి
ఎటు చూడాల్నో మరిచిపోయింది.

"డిస్కు ఏ దిక్కునుంచి లోపలికొస్తది?"
చేత్తోని తిప్పి చూసిన. కిందినుంచి.
"అయితే మెట్టు అటే ఉండాలె.
వచ్చేటోని మీద అడుగువెట్టంగనే బరువెయ్యొద్దు బిడ్డా.
రానియ్యి. తర్వాత పట్టుకో."

పాత ఆయిల్ డబ్బా కోసి చేసుకున్న రేకు
ఆయన జేబుల, బీడీకట్ట పక్కన.
అంచులు అరిగి మెరుస్తున్నయి.
ఇరవై అంటడు. డిగ్రీలు అనడు.
ఆయన చాయ్‌కి పోంగనే
నా పాలిటెక్నిక్ డబ్బాలకెల్లి ప్రొట్రాక్టర్ తీసి
దొంగతనంగ కొలిచిన.
ఇరవై.
ఎంట్రుకవాసి తక్కువుంటే ఉండొచ్చు,
అది నా కన్ను తప్పు కూడా కావచ్చు.

ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి లారీలు
వరసవెట్టి పోతున్నయి. షెడ్డంత ఘాటు.
పట్కారుతోని ఇంతింత తిప్పుతుంటే
తుమ్మొచ్చింది.
పిస్టన్ ఎక్కువ తిరిగింది.
మళ్ల మొదటికి.
రేకు పెట్టి, తిప్పి, రేకు పెట్టి,
ఊపిరి బిగవట్టి,
మెట్టు అంచు, రేకు అంచు ఒక్కటైనదాంక.

ఉస్తాద్ పానా ముట్టలే.
టార్చి పట్టుకొని నిలబడ్డడు.
వెలుగు వణుకుతనే ఉన్నది.
నేను చూడనట్టే ఉన్న.

పొద్దుగూకంగ సేటు ఆరెపల్లి దాకా పోయొచ్చిండు.
మలుపు కాడ కావాల్నని గట్టిగ తొక్కిండట.
"ఏం చేసిన్రు? ఏం వినపడ్తలేదు" అన్నడు,
ఆ చప్పుడేదో మేమే దాచుకున్నట్టు.
బిల్లు నేను రాసిన.
కొత్త సామాను: ఏం లేదు.

రాత్రి ఇంట్ల డబ్బా తెరిస్తే
ప్రొట్రాక్టర్ కింద, బీడీ వాసనతోని, రేకు.
చూసిండన్నట్టు.