పుల్ల పడని మూల

మే నెల. అంకీసా ఫడి.
ఎండబెట్టిన తునికాకు వరసలు
గోదావరి దాకా పాకినట్టున్నాయి.
అవతలి గట్టున కట్టకు యాభై ఆకులు, మాకు డెబ్బై.
అదే చెట్టు, అదే ఎండ,
సరిహద్దు ఇరవై ఆకుల మందం.

ఆకు ఆకూ లెక్క తేలాలని
ఠేకేదారు నన్ను పిలిపించాడు.
నలభై వేల కట్టలు, ఇరవై ఎనిమిది లక్షల ఆకులు.
అన్నీ చూసేలోపు
వాన దిగుతుంది.

నాగపూరులో నేను చదివింది ఇదే:
మొత్తం చూడకుండా మొత్తం గురించి చెప్పడం,
ఎంత చూస్తే ఎంత తప్పుతామో
ముందే ఒప్పుకుని నోరు విప్పడం.
అందుకు నా దగ్గర గ్రీకు అక్షరాలున్నాయి.
మడావి లచ్చుబాయి దగ్గర
ఒక తునికి పుల్ల ఉంది.

కళ్ళు మూసుకుని విసురుతుంది.
పడ్డచోట కట్ట విప్పుతుంది.
డెబ్బై.
మళ్ళీ విసురుతుంది. అరవై ఎనిమిది. డెబ్బై. డెబ్బై ఒకటి.
"కండ్లు తెరిచి ఏరితే మంచియే దొరుకుతయి బిడ్డా,
చేతికి గూడ ఆశ ఉంటది."
ఆ మాటను రాత్రి కోడ్‌లో ఒక్క లైను చేశాను.
ఆమె అన్నంత బాగా రాలేదు.

మోదుగు నీడలో ఆమె మనవడు సోమా
రూపాయి బిళ్ళ ఎగరేస్తున్నాడు.
"వరసగా బొమ్మ ఎక్కువలో ఎక్కువ ఎన్నిసార్లు పడ్డదిరా?"
"తొమ్మిది."
"అయితే వెయ్యిసార్లు ఎగరేసి ఉంటవ్, అటో ఇటో."
దయ్యాన్ని చూసినట్టు చూశాడు.
రోజంతా మోయక్కర్లేదు,
ఒక్క అంకె గుర్తుంటే చాలు.

లచ్చుబాయి నవ్వలేదు.
మలేరియా ఏడు తలుచుకుంది.
గుడిసె గుడిసె తిరగలేక కూలబడ్డ డాక్టరుతో
తానే అన్నదట:
"ఎవరింటికన్న పో, కని ఆడ ఆగకు.
ఆళ్ళు ఎవరి పేరు చెప్తే ఆళ్ళింటికి పో.
పది నోళ్ళల్ల తిరిగే ఇంట్లనే
జరం ముందుగాల దిగుతది."
ఇదే సంగతిని
నేను రెండు నెలలు నిరూపించాను.

సాయంత్రానికి సగటు తేలింది.
కట్టకు అరవై తొమ్మిదిన్నర పైచిలుకు.
"పక్కానా?" అన్నాడు ఠేకేదారు.
"వందలో తొంభై అయిదుసార్లు."
"మిగతా అయిదు?"

నేను వెతుక్కుంటుండగా లచ్చుబాయి లేచింది.
పుల్ల విసరలేదు. కళ్ళు మూయలేదు.
చివరి వరస చివరికి నడిచి
ఒక కట్ట విప్పింది. డెబ్బై నాలుగు.
పక్కది. డెబ్బై నాలుగు.
ఆత్రం మెస్సుబాయివి. రెండు వందల కట్టలు.
ఒక ఏడాది మున్షీ తక్కువున్నాయని
అందరి ముందూ కాలితో తోసినప్పటి నుంచి
ప్రతి కట్టకూ నాలుగాకులు
భయం కింద జమ.

ఎనిమిది వందల ఆకులు.
పదకొండు కట్టల కూలి.
నా సగటులో అది
రెండో దశాంశంలో ఒక చిన్న కదలిక.
పుల్ల ఆ మూలకు పోనేలేదు.
పోయినా
ఒక్క కట్ట ఎక్కువ చూపిందని సంతోషించి
ముందుకు పోయేదాన్ని.

ఠేకేదారు అప్పటికే జీపెక్కాడు.
లచ్చుబాయి నాలుగాకులు తీసి
మెస్సుబాయి చేతిలో పెట్టింది.
ఆమె వాటిని ఒళ్ళో పరుచుకుని
వేలితో తాకుతూ లెక్కపెట్టింది:
ఒకటి, రెండు, మూడు, నాలుగు.
మళ్ళీ మొదటి నుంచి.

ఆ రోజు ఫడిలో
ఉన్నవన్నీ లెక్కపెట్టింది
ఆమె ఒక్కతే.