రంగు జారిన చోట

గవర్నరుపేట సందులో మెట్లు దిగితే మిషను.
పదమూడేళ్ళప్పుడు చేరానక్కడ,
సిరా డబ్బాలు కడగడానికి.
పానకాలరావు గారి ప్రెస్సు.
బుధవారం రాత్రి పిల్లల పత్రిక,
మిగతా రోజులు శుభలేఖలూ, రసీదు పుస్తకాలూ.

ముందు నలుపు ఎక్కేది.
జింకు బ్లాకు మీంచి గీతలుగా దిగేవాడు కెంపుగద్ద,
ఇంకా నెత్తురు పొయ్యని మనిషి.
తెల్లారుజామున అదే కాగితం మీద ఎరుపు.
ఊరికి శుక్రవారం వచ్చేవాడు
నాకు గురువారం తెల్లవారకుండానే,
తడితడిగా,
వేలికంటుకుంటూ.

ఎరుపు ఏనాడూ గీత లోపల పడలేదు.
రెక్క ఒక చోట, రెక్క రంగు ఒక చోట,
మధ్యన వడ్లగింజంత సందు.
"రిజిస్టరు చూసుకో సైదులూ,
కళ్ళు బందరు కాలవలో పారేశావా?"
అయ్యగారు స్కేలు విసిరేవారు.
ఒక నూలు జరిపేవాణ్ణి.
మళ్ళీ జారేది.
ఎందుకో నాకు తెలుసు, చెప్పలేదు:
వాడంత వేగంగా ఎగిరితే
రంగు వెనకబడదా మరి?

మడతలు పెట్టే నాంచారమ్మకి చదువు రాదు.
బొమ్మలు చూసి కథ చెప్పేది,
అచ్చయిన దానికన్నా బావుండేది.
ఆమె కథలో కెంపుగద్దకి ఒక చెల్లెలు,
కుళాయి దగ్గర ఎప్పుడూ తగాదా పడేది.

పత్రిక ఆగింది. ప్రెస్సు అమ్మేశారు,
ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ కవర్లు.
చెడిపోయిన షీట్లు ట్రంకుపెట్టెడు మిగిలాయి నాకు.
బుడమేరు సింగునగర్‌లోకి వచ్చిన రాత్రి
మంచాన్ని ఇటుకల మీద, పెట్టెని మంచం మీద ఎక్కించి
డాబా మీద కూచున్నాను.
కెంపుగద్ద రాలేదు.
మూడో రోజు పాలప్యాకెట్ల పడవ వచ్చింది.
మూత తీస్తే లోపల అంబలి.
సిరా కరగలేదు, అది మంచి సిరా,
కాగితమే ఓడిపోయింది.
ఫ్రిజ్జులూ బండ్లూ పోయినవాళ్ళ మధ్య
ఇదేం ఏడుపని లోపలే ఏడ్చాను.

ఈ ఏడు సినిమా తీశారు.
గాంధీనగర్‌లో అరవై అడుగుల కటౌటు, క్రేనుతో దండ.
చొక్కాలు గాల్లో తిప్పే కుర్రాళ్ళు
"దారి తప్పొచ్చావా తాతా?" అన్నారు.
ఏం చెప్పను,
వీడికి మొదటి నెత్తురు పోసింది ఈ చేతులేనని?

లోపల నల్ల కళ్ళద్దాలిచ్చారు.
బ్యారేజీ డెబ్బై గేట్ల మీంచి లేచాడు వాడు.
ఈలలు. కాగితం ముక్కలు.
ఈక ఈకకీ నీడ ఉంది.
ఎరుపు గీత దాటలేదు.
ఒక్క చోటా దాటలేదు.
పరాయి పెళ్ళిలో కూచున్నట్టు కూచున్నాను.

ఇంటర్వెల్ అయ్యాక కళ్ళు మండి
అద్దాలు తీశాను, తుడుచుకుందామని.

జారింది.
తెరంతా జారింది.
రెక్క ఒక చోట, రంగు ఒక చోట,
మధ్యన అదే సందు.

చుట్టూ అందరూ సరిగ్గా చూస్తున్నారు.
నేనొక్కణ్ణీ అద్దాలు ఒళ్ళో పెట్టుకుని
నా చేతి తప్పుని చూస్తూ ఉండిపోయాను,
పేర్లన్నీ పడి లైట్లు వేసేదాకా.

బయటికొచ్చి నాంచారమ్మకి ఫోను చేశాను.
మోకాళ్ళు లేవక రాలేదు.
"బాగా వేశారా?" అంది, తీశారా అని కాదు.
"రిజిస్టరు కుదర్లేదమ్మా."
చాలాసేపు నవ్వింది.
తర్వాత అడిగింది: "చెల్లెలుందా?"
లేదన్నాను.
"అయితే వాళ్ళకి కథ తెలీదు" అని
పెట్టేసింది.