బెత్తెడు వదులు

రొల్దానియోలో సాయంత్రం నాలుగయ్యేసరికి
లోయ గాలి ఎదురు తిరుగుతుంది.
తగలబెట్టిన చెరకు తోటల మసి
ఆరేసిన దుప్పట్ల మీద నల్లటి వెంట్రుకల్లా రాలుతుంది.
ఆ వేళకి యోలిమా మెషీన్ ఆపి
వాకిట్లో కుర్చీ వేసుకుంటుంది.
పదిహేనేళ్ళు పెళ్ళిగౌన్లు కుట్టిన మనిషి
ఇప్పుడు రెక్కలకి మాసికలు వేస్తోంది.

నా పారాగ్లైడర్ పాతది.
ఏదో చలిదేశం ఆయన దగ్గర కొన్నాను,
ఆయన ఆజానుబాహువు.
నేను చక్కెర మిల్లులో లారీల తూకం రాసేవాణ్ణి,
పై అరలో రిజిస్టరు కావాలంటే స్టూలెక్కాలి.
దిగేటప్పుడు నా చేతులకి బ్రేకు అందడంలేదని
రాత్రి వంటింటి దీపం కింద
రెండు తాళ్ళూ జానెడు జానెడు కురచ చేసి కట్టేశాను.
గర్వంగానే ఉండింది, దాచడం ఎందుకు.

ఆమె హ్యాండిల్ పట్టుకుని ముడి చూసింది.
నన్ను చూడలేదు.
"ఎవరు కట్టారు?"
"నేనే."
"ఎగిరావా?"
"రేపు పొద్దున్నే."
రెక్క మొయ్యమంది. తను ముందు నడిచింది,
ఎడమ మడమ కొంచెం ఈడుస్తూ.

బడి వెనక మైదానంలో
బంతాడే పిల్లల్ని గోల్‌పోస్టు అవతలికి తరిమి
"లేపు" అంది.
లేచింది. నెత్తిమీద నిలబడింది.
"చేతులు పైకి. పుల్లీలకి ఆనించు.
ఇప్పుడు వెనక అంచు చూడు."

నేను లాగడంలేదు. అయినా అంచు
కిందికి ముడుచుకునుంది,
ఏడవబోతున్న పిల్లాడి కింది పెదవిలా.

"చూశావా, వదిలేశాననుకుంటూనే లాగుతున్నావు.
స్పీడ్ బార్ తొక్కితే ఇంకాస్త లాగుతావు.
పరుగు తగ్గితే గాలి అలుగుతుంది.
రెక్క నెత్తిమీద తెరుచుకునే ఉంటుంది,
నువ్వు మాత్రం బస్తాలా దిగుతుంటావు."
తన మడమకేసి ఒకసారి చూసుకుంది.
ఆ సంగతి అంతవరకే.

గడ్డిలో కూచుని పాత గుర్తు వెదికింది:
ఫ్యాక్టరీవాళ్ళు తాడు మీద పెట్టిన నల్ల చుక్క.
నా ముడికి చాలా కింద, ఎవరికీ పట్టకుండా.
గౌన్లకి పూసలు కుట్టే సూదితో
నా పనితనమంతా విప్పింది.
చుక్క దగ్గరికి తెచ్చి, కట్టబోతూ
నా చేతుల పొడవు ఓసారి చూసి
వేలెడు ఇచ్చింది. వేలెడే.
దర్జీ టేపు పెట్టి కుడీ ఎడమా రెండుసార్లు కొలిచింది.
పడవవాళ్ళ ముడి వేసి, ఒంటి బరువంతా పెట్టి లాగి,
చివర బెత్తెడు తోక వదిలింది.
"కత్తిరించకు. అందంగా లేకపోతే ఏం,
నిన్ను పెళ్ళిచూపులకి పంపుతున్నామా?"

మళ్ళీ లేపాను.
అంచు నున్నగా సాగింది.
తాళ్ళు గాలికి వెనక్కి విల్లులా వంగాయి,
బెత్తెడు లాగితేగానీ నా కబురు
అంచుకి చేరడంలేదు.
"ఖాళీగా ఉందే ఇక్కడ" అన్నాను.
"ఆ బెత్తెడు నీది కాదు, రెక్కది.
రేపు కొండకి పోకు. ముందు చిన్న గుట్ట.
చాలకపోతే రా, ఇంకో వేలెడు అడుగు.
జానెడు అడక్కు."

మర్నాడు కొండకి పోలేదు.
గుట్టకీ పోలేదు, డ్యూటీ పడింది.
మొదటి లారీ ఇంకా గేటు బయటే ఉంది,
డ్రైవరు హారన్ కొడుతున్నాడు.
ఎందుకో ఉత్త కాటా వైపు చూశాను.
పదకొండేళ్ళలో అలా చూడటం అదే మొదలు.
మీద ఏమీ లేదు,
ముల్లు మాత్రం సున్నాకి కాస్త పక్కగా
నిలబడి ఉంది.